క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో: రంగు చూసి మూసేయకండి, గ్రాఫ్ తెరవండి

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అంటే డిస్క్ ఆరోగ్యం ఎలా ఉందో చూపించే ప్రోగ్రామ్. దాని డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్ సంగతులు అందరికీ తెలిసినవే. నాకు మాత్రం దీని ప్రాణమంతా ఫంక్షన్ మెనూలో ఉన్న, డిస్క్ అంకెలు రోజులు గడిచేకొద్దీ ఎలా మారాయో చూపించే గ్రాఫ్‌లోనే ఉంది. చాలామంది పైన గుడ్ అని చూసి మూసేస్తారు, దాన్ని తెరవనే తెరవరు.

ఫొటోలు పెట్టుకునే డిస్క్‌కి ఒకరోజు పసుపు రంగులో కాషన్ వచ్చింది. సీ5, అంటే సరిగ్గా చదవలేకపోయిన పెండింగ్ సెక్టర్ల (సెక్టర్ అంటే డిస్క్‌లో డేటా ఉండే చిన్న ముక్క) దగ్గర 8 ఉంది, 05, అంటే పాడై స్పేర్‌తో మార్చేసిన సెక్టర్ల లెక్క మాత్రం సున్నా. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు జరిగే స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యాన్ని తనే నమోదు చేసుకునే ఏర్పాటు) చెక్‌లో అంతా బాగానే ఉందని వస్తోంది, ఎందుకంటే అది చూసేది తయారీదారు పెట్టిన హద్దు దాటిందా లేదా అన్నది మాత్రమే, ఆ హద్దు దాకా వెళ్లకుండానే పోయే డిస్కులు బోలెడు. చదవలేకపోయిన సెక్టర్‌ని డిస్క్ వెంటనే మార్చేయదు. మళ్లీ దాని మీద ఏదైనా రాసేదాకా ఆగుతుంది. సరిగ్గా రాయగలిగితే సీ5 తగ్గుతుంది, లేకపోతే స్పేర్ సెక్టర్ వాడుకుని 05 పెంచుతుంది. అందుకని ముందు ఫొటోలన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసి (రెండు ఫైళ్లు ఎంతకీ రాలేదు, పాత బ్యాకప్‌లో దొరికాయి), క్విక్ కాకుండా ఫుల్ ఫార్మాట్ కొట్టాను. సీ5 సున్నా అయిపోయింది, 05 కదల్లేదు, మళ్లీ నీలం రంగులో గుడ్! ఎంత సంతోషమేసిందో. కానీ కొన్ని వారాలకే గ్రాఫ్‌లో గీత లేచింది, 8, తర్వాత 24, ఈసారి 05 కూడా మెట్లెక్కినట్టు పైకే. ఇక దాంట్లో ముఖ్యమైనవేవీ పెట్టలేదు. తర్వాత కొన్నాళ్లకి ఆ డిస్క్ కంప్యూటర్‌కి కనిపించడమే మానేసింది.

అలాగని పసుపు రంగునే నమ్ముకోలేం. ఇంకో డిస్క్‌లో సీ7, అంటే సీఆర్‌సీ ఎర్రర్లు (డిస్క్‌కీ కంప్యూటర్‌కీ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చే తప్పులు) పెరుగుతూ పోతుంటే ఈ ప్రోగ్రామ్ గుడ్ అనే చూపించింది, కాపీలు మధ్యలో ఆగుతుంటే నాకే అనుమానమొచ్చి గ్రాఫ్ చూశాను. డిస్క్‌ని కంప్యూటర్‌కి కలిపే సాటా కేబుల్ మార్చగానే పెరగడం ఆగింది. ఆ అంకె మాత్రం ఇక తగ్గదు, దానికి టెన్షన్ అక్కర్లేదు.

ఏ హెచ్చరికా లేకుండా పోయే డిస్కులూ ఉన్నాయి. 2007లో గూగుల్ వాళ్లు లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనంలో, పోయినవాటిలో 56 శాతానికి పైగా డిస్కుల్లో నాలుగు ముఖ్యమైన స్మార్ట్ సంకేతాల్లో ఒక్కటీ కనిపించలేదు. కాబట్టి ఈ ప్రోగ్రామ్ ఉందని బ్యాకప్ మానేస్తే మాత్రం కష్టమే.

రా వాల్యూలు, అంటే పైన చెప్పిన ఈ అంకెలు, మొదట్లో హెక్స్‌లో (పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో) వస్తాయి, అక్కడ 10 అంటే 16. అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లోకి వెళ్లి డెసిమల్‌కి మార్చుకోండి. నావి ఇంట్లో వాడే రెండు మూడు డిస్కులు, కంప్యూటర్ రోజంతా ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి గ్రాఫ్ నాకు బాగా పనికొచ్చింది. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడే అంకెలు నమోదవుతాయి, ఎప్పుడో ఒకసారి తెరిచేవాళ్లకి ఇంత ఉపయోగం ఉండకపోవచ్చు. డిస్క్‌ని లోపల పెట్టి యూఎస్‌బీతో కలుపుకునే కొన్ని కేసులైతే స్మార్ట్ వివరాలే బయటికి ఇవ్వవు, మీ డిస్క్ అలాంటిదాంట్లో ఉంటే ముందు అది చూసుకోండి.