గిట్, పైటెస్ట్: తెలుగు ఫాంట్ల మార్పిడి కోడు మీద కొన్నేళ్ల వాడకం

ప్రతి అక్షరానికీ ఒక కోడు అంకె ఇచ్చే ప్రపంచ ప్రమాణం యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, హైదరాబాదులో చిక్కడపల్లి చుట్టుపక్కల డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ మీద కూర్చిన పుస్తకాలు ఎన్నో ‘అను’ అనే, యూనికోడ్ కాని పాత ఫాంట్లలోనే ఉండిపోయాయి. అలాంటి ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, ఇతరులు పంపిన కోడును పరిశీలించి మెర్జ్ చేసే (అసలు కోడులో కలిపే) పని నాది. అందుకు కోడులో మార్పులను నమోదు చేసి కలిపే గిట్‌నూ, పైథాన్ కోడును పరీక్షించే పైటెస్ట్‌నూ కొన్నేళ్లుగా వాడుతున్నాను.

వరుసలను పోల్చి కలపడంలో గిట్‌కు వంక పెట్టలేం. అయితే మార్పిడి కోడుకు ప్రాణం, పాత ఫాంటులోని ఏ ఆకారానికి ఏ యూనికోడ్ అక్షరమో చెప్పే అక్షరాల పట్టిక. ఒకే గ్లిఫ్‌కు (ఫాంటులోని ఆకారానికి) ఇద్దరు వ్యక్తులు పట్టికలో దూరదూరంగా రెండు వేర్వేరు విలువలు చేరిస్తే గిట్‌కు కాన్‌ఫ్లిక్ట్ (రెండు మార్పుల మధ్య ఘర్షణ) కనబడదు. ఆ పట్టికను ఉంచే పైథాన్ డిక్షనరీ కూడా ఏ ఎర్రరూ ఇవ్వకుండా చివరి విలువను ఉంచుకుని మొదటిదాన్ని వదిలేస్తుంది. ఇలా మళ్లీ వచ్చిన కీలను, అంటే పట్టికలో ఎడమవైపు గ్లిఫ్‌లను, కోడును నడపకుండానే తప్పులు వెతికే పైఫ్లేక్స్ పట్టిస్తుంది కాబట్టి దాన్ని తప్పనిసరి చేశాం. బ్రాంచ్‌లో (మార్పు చేసినవారి విడి ప్రతిలో) పరీక్షలన్నీ నెగ్గినా సరే, మెయిన్‌తో (ప్రధాన కోడుతో) కలిపిన తర్వాతి కోడు మీద వాటిని మళ్లీ నడపనిదే నేను దేన్నీ ఆమోదించను.

పరీక్షలు రాయడానికి పైటెస్ట్ ఎంతో హాయిగా ఉంటుంది. అందులోని పారామెట్రైజ్ అనే సదుపాయం సాయంతో ఒక్క ఫంక్షన్‌కే మాటల జాబితా మొత్తం ఇవ్వవచ్చు. ‘పెళ్ళి’ని తీసుకోండి. పాత ఫాంటులో కంటికి కనబడే క్రమంలో ముందు ‘ళి’, తర్వాత ళ వత్తు ఉంటాయి. యూనికోడ్‌లో గుడి అన్నిటికంటే చివరికి రావాలి. ‘బ్యాంక్‌లో’ అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే (పక్క అక్షరాలను కలవనివ్వని గుర్తు) చేర్చకపోతే, క కింద ల వత్తు పడి ‘బ్యాంక్లో’ అవుతుంది. ఇలాంటి మాటలు జాబితాలో లేకుండా వచ్చిన కోడును వెనక్కి పంపడమే మేలని నా అభిప్రాయం.

తెలుగు వాడేవారికి ఇబ్బంది రెండు చోట్ల ఎదురవుతుంది. ఐత్వాన్ని ఒకే కోడుగానూ రాయవచ్చు, ఎత్వానికి మరో గుర్తు చేర్చి రెండు కోడ్లుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి కనుక, పరీక్ష ఎందుకు తప్పిందో చూసి చెప్పలేం. పోల్చే ముందు రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ఏకరీతి రూపంలోకి మార్చి, తేడా వస్తే కోడ్ల అంకెలను అచ్చు వేయించే చిన్న ఫంక్షన్ రాసుకున్నాను. ఇక పారామెట్రైజ్‌తో వచ్చే పరీక్షల పేర్లలోని తెలుగు అక్షరాలను పైటెస్ట్ మామూలుగా సంకేతాలుగా మార్చి చూపిస్తుంది, కాబట్టి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోవడమే సుఖం.

చెడిన మార్పును వెతకడానికి మార్పుల వరుసను సగాలుగా విడదీస్తూ వెతికే గిట్ బైసెక్ట్‌కు పైటెస్ట్‌ను జోడిస్తే, వెయ్యి కమిట్లలో (నమోదైన మార్పుల్లో) ఉన్నా సుమారు పది మెట్లలో దొరుకుతుంది. అందుకే ప్రతి మార్పునూ చిన్న కమిట్‌గా పంపమని అందరినీ అడుగుతుంటాను. పట్టిక మొత్తాన్ని ఒకేసారి తిరగరాస్తే, ఆ కమిట్ దొరికినా చెడిన వరుస కోసం మళ్లీ చేత్తో వెతుక్కోవాల్సిందే.