లావెన్‌హామా, లాంగ్ మెల్‌ఫర్డా?

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు తూర్పున ఉన్న సఫోక్ ప్రాంతానికి బయలుదేరే ముందు తరచూ అడిగేది ఇదే: లావెన్‌హామ్, లాంగ్ మెల్‌ఫర్డ్ ఊళ్లలో ఒక్క చర్చికే తీరిక ఉంటే ఏది చూడాలి? రెండూ ఉన్నిబట్టల సొమ్ముతో 15వ శతాబ్దం చివర్లో కొత్త రూపు దిద్దుకున్నవే. మధ్య దూరం కొద్ది మైళ్లే.

బయటి నుంచి చూస్తే లావెన్‌హామ్‌దే పైచేయి. చెకుముకి రాతి గోపురం 141 అడుగులు లేస్తుంది. 13వ ఆక్స్‌ఫర్డ్ ప్రభువు జాన్ డి వెర్, బట్టల వర్తకుడు థామస్ స్ప్రింగ్ ఇద్దరూ దీనికి ధారాళంగా ఖర్చు పెట్టారు. ప్రభువు వంశపు గుర్తైన నక్షత్రం ఒకచోట, వర్తకుడి వంశచిహ్నం మరోచోట: దానం చేసినా పేరు వదులుకోలేదు! మెల్‌ఫర్డ్ పాత గోపురం 18వ శతాబ్దం మొదట్లో పిడుగుకు పోయింది. తర్వాత కట్టిన ఇటుక గోపురానికి వాస్తుశిల్పి బోడ్లీ 1903 నాటికి రాతి తొడుగు వేయించాడు. బాగుంది, అంతే.

నేను మాత్రం లోపలి వెలుతురును బట్టే తేలుస్తాను. ఈ చర్చిలు కట్టిన పర్పెండిక్యులర్ శైలి (ఇంగ్లండ్‌లో మధ్యయుగం చివరి గోథిక్ పద్ధతి) పట్టుదలంతా గోడను తగ్గించి కిటికీని పెంచడమే కదా. లావెన్‌హామ్‌లో బలిపీఠమున్న తూర్పు భాగం 14వ శతాబ్దపుది, ఎత్తు తక్కువ. చూపు అక్కడ ఆగిపోతుంది. మెల్‌ఫర్డ్‌లో జనం కూర్చునే భాగానికీ బలిపీఠానికీ మధ్య అడ్డంగా తోరణమే లేదు. పైవరుసలో అటు 18, ఇటు 18 కిటికీలు పడమర నుంచి తూర్పు దాకా ఆగకుండా సాగుతాయి. లావెన్‌హామ్ రంగు గాజు చాలావరకు 19వ శతాబ్దపుది. మెల్‌ఫర్డ్ ఉత్తరపు నడవలో 15వ శతాబ్దపు గాజే మిగిలింది. మోకరిల్లిన దాతల ముఖాలు, వారి దుస్తుల మడతలు ఇప్పటికీ పోల్చుకోవచ్చు.

ఆ దాతలను కూడగట్టిన జాన్ క్లాప్టన్ కథ కూడా తక్కువది కాదు. 1462లో రాజద్రోహం కింద 12వ ఆక్స్‌ఫర్డ్ ప్రభువుతో పాటు పట్టుబడ్డాడు. ప్రభువు తల పోయింది, క్లాప్టన్ బతికి బయటపడి ఈ చర్చి కట్టించాడు. ఆ ప్రభువు కొడుకే లావెన్‌హామ్ దాత. మెల్‌ఫర్డ్ బయటి గోడలో, చెకుముకి పలకల మధ్య తెల్లరాతి అక్షరాలతో దాతల పేర్లున్నాయి, వారి ఆత్మల కోసం ప్రార్థించమని. తూర్పు కొసన ఉన్న మేరీ మాత మందిరం కొంతకాలం బడిగా నడిచింది. ఎక్కాల పట్టిక ఇంకా గోడ మీదే ఉంది.

సఫోక్‌లోనే ఉన్న బ్లైత్‌బరో చర్చి సంగతీ అడుగుతారు. పైకప్పు మీది చెక్క దేవదూతలు చూడదగ్గవే, సముద్రం వైపు వెళ్తుంటే ఆగండి.

వంకర చెక్క ఇళ్ల కోసం లావెన్‌హామ్ ఎలాగూ వెళ్తారు. చర్చి కోసమే అయితే మెల్‌ఫర్డ్‌లో దిగండి, అదీ ఎండ ఉన్న రోజున.