అమ్మమ్మ ఇల్లా, హోమా, గురుకులమా? తల్లిదండ్రులు పోయిన పిల్లలకు ఏది మేలు

పెద్దకర్మ భోజనాలయ్యాయి. షామియానా ఇంకా విప్పలేదు. దాని కిందే పెద్దలు కూర్చుని పిల్లల సంగతి ఎత్తారు. రెండేళ్ల కిందట తండ్రి, ఇప్పుడు తల్లి. పదకొండేళ్ల పిల్లాడు, ఏడేళ్ల చెల్లి. మేనమామ అనాథ పిల్లల హోమ్‌లో వేద్దామన్నాడు, పెదనాన్న గురుకులం అన్నాడు, అమ్మమ్మ ‘నా దగ్గరే ఉంటారు’ అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పిల్లాడేమో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ అన్నీ వింటున్నాడు. పక్కింటివాణ్ని కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. వాణ్ని అడగాలని నాకూ తోచలేదు.

మనలో చాలామందికి ముందు తట్టేది హోమే. మూడు పూటలా తిండి, బట్టలు, బడి అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఎవరూ లేని పిల్లలకు, ఇంట్లోనే దెబ్బలు తినే పిల్లలకు అది నిజంగానే నీడ. కానీ 2015 బాలల న్యాయ చట్టం పిల్లల్ని సంస్థలో ఉంచడాన్ని చిట్టచివరి మార్గంగానే చూడమంటుంది. ఎందుకంటే హోమ్‌లో అన్నం పెట్టేవాళ్లుంటారు గానీ, ‘ఇవాళ ఎందుకు సరిగా తినలేదు’ అని ఒక్కణ్ని పట్టుకుని అడిగే తీరిక ఉండదు. పైగా మగపిల్లలకు ఒకచోట, ఆడపిల్లలకు ఇంకోచోట. అన్న ఒక ఊళ్లో, చెల్లి మరో ఊళ్లో. పద్దెనిమిది నిండితే బయటికి రావాలి. ఆ తర్వాత 21 ఏళ్ల దాకా ఆసరా ఇచ్చే ఏర్పాటు ఉన్నా, పండక్కి వెళ్లడానికి ఒక ఇల్లంటూ ఉండదు.

ఇంకోటి. పుట్టినరోజులకు కేకు పట్టుకెళ్లి, పిల్లల్ని వరసగా నిలబెట్టి, బిస్కెట్ ప్యాకెట్లతో ఫొటో తీసి స్టేటస్ పెట్టేవాళ్లు నా స్నేహితుల్లోనూ ఉన్నారు. అలాంటి పిల్లల ఫొటోలు, పేర్లు బయటపెట్టకూడదని అదే చట్టం చెబుతోంది. రేపు ఆ పిల్ల కాలేజీలో చేరాక ఆ ఫొటో ఎవడి ఫోన్‌లో ఉంటుందో! హోమ్ తప్పదనుకున్నా, దానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడాలి. చేర్చుకోవాలో వద్దో తేల్చాల్సింది జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ, నిర్వాహకుడు కాదు.

గురుకులం సంగతి వేరు. అది చదువు కోసం వెళ్లే చోటు, అక్కడికెళ్తే అనాథ అనే ముద్ర పడదు. సెలవులకు ఇంటికొస్తారు. ఆడపిల్లలకైతే ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయాలున్నాయి, తల్లిదండ్రులు లేనివాళ్లకు వాటిలో ప్రాధాన్యం ఇస్తారు. పదో తరగతి కాకముందే పెళ్లి మాటలు మొదలయ్యే ఇంట్లో పిల్ల ఉంటే, నేను రెండో ఆలోచన లేకుండా కస్తూర్బాలోనే చేర్చమంటాను. కానీ తల్లి పోయి నెల తిరగకముందే ఏడేళ్ల పిల్లకు ట్రంకుపెట్టె సర్దడం మాత్రం నాకు మనసొప్పదు.

ఇక అమ్మమ్మ ఇల్లు. ప్రేమకు కొదవలేదు, కొదవంతా డబ్బుకే. ఈ చిక్కుకు కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ అని నెలనెలా సాయం ఉందని మా వీధిలో చాలామందికి తెలియదు. ఎంపికైతే ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, మిగతాచోట్ల 96,000 దాటకూడదు. పిల్లలు బడి మానేస్తే సాయం ఆగిపోతుంది. మరణ ధ్రువపత్రాలు, ఆదాయ పత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా పట్టుకుని జిల్లా బాలల సంరక్షణ విభాగం చుట్టూ తిరగాలి. డెబ్బై ఏళ్ల మనిషి ఒక్కతే తిరగలేదు, ఎవరో ఒకరు వెంట ఉండాలి. డబ్బు కూడా ప్రతినెలా ఠంచనుగా పడుతుందనుకుని అప్పు చేయొద్దు.

బంధువులిల్లు అనగానే అంతా మంచే అనుకోనక్కర్లేదు. ఎకరం పొలమున్న పిల్లాడికి చుట్టాలు ఎక్కువ. మైనర్ పేరున ఉన్న పొలాన్ని కోర్టు అనుమతి లేకుండా అమ్మే హక్కు మేనమామకూ లేదు, పెదనాన్నకూ లేదు. ఈ మాట షామియానా కిందే నలుగురిలో అనేస్తే మంచిది. ఇంటికి తెచ్చుకున్న పిల్లని బడి మాన్పించి అంట్లు తోమించే పిన్నులూ ఉంటారు. అందుకే ఇంట్లో ఉంచితే సరిపోదు, అంగన్‌వాడీ టీచరో, బడి పంతులో అప్పుడప్పుడూ వెళ్లి చూస్తుండాలి. తేడా కనిపిస్తే 1098కి ఫోన్ చేయాలి.

నన్నడిగితే ముందు అమ్మమ్మ ఇల్లు, స్పాన్సర్‌షిప్‌తో. చెల్లి పెద్దదయ్యాక కస్తూర్బా. హోమ్ అన్నిటికన్నా చివర. అయితే ఆ రోజు దీన్ని తేల్చింది నేను కాదు. అంగన్‌వాడీ టీచరమ్మ లేచి కుర్చీల దగ్గరికెళ్లి, ‘నీకెక్కడ ఉండాలనుందిరా?’ అని అడిగింది.

‘చెల్లి ఎక్కడుంటే అక్కడ’ అన్నాడు, చేతిలో కుర్చీ కింద పెట్టకుండానే.