క్యాంపస్ పత్రికలో పర్యావరణం బీటు: సమీర్ యాప్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

తిరుపతి ఎస్వీయూలో పర్యావరణ శాస్త్రం చదువుతూ క్యాంపస్ పత్రికకు రాసేవాళ్లయినా, మహిళా వర్సిటీలో ల్యాబ్ జర్నల్ (జర్నలిజం విద్యార్థులు తెచ్చే సాధన పత్రిక) పేజీ చూసేవాళ్లయినా గాలి గురించి వార్త రాయాలంటే ముందుగా ఫోన్లో ఉండాల్సింది సమీర్ యాప్. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీన్ని ఉచితంగా ఇస్తోంది. ఊరు, గాలిని కొలిచే స్టేషన్ ఎంచుకుంటే గాలి నాణ్యత సూచీ, దాని రంగు, ఆ రోజు ప్రధానంగా ఉన్న కాలుష్య కారకం కనిపిస్తాయి. ఉంచుకోదగ్గ యాప్. అయితే అందులోని అంకెను ఉన్నదున్నట్టు ఎత్తి శీర్షికలో పెడితే మాత్రం వార్త తప్పుతుంది. ఎక్కడ తప్పుతుందో చెప్పడానికే ఈ సమీక్ష.

అన్నిటికన్నా ఎక్కువగా దొర్లే పొరపాటు సూచీని మైక్రోగ్రాములుగా రాసేయడం. గాలిలో పీఎం2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు) ఘనపు మీటరుకు 45 మైక్రోగ్రాములు ఉంటే మన సూచీలో అది దాదాపు 75 అవుతుంది. ఎలాగంటే 31 నుంచి 60 మైక్రోగ్రాముల దాకా ఉన్న మెట్టును సూచీలో 51 నుంచి 100 దాకా పరుస్తారు. 61-90 మెట్టుకు 101-200 వస్తుంది. ప్రతి కారకానికీ ఇలా విడిగా లెక్కగట్టి, అన్నిట్లో ఎక్కువ వచ్చినదాన్నే ఆ స్టేషన్ సూచీగా చూపిస్తారు. అందుకే ‘సూచీ 75’ అన్నాక ఏ కారకం వల్లో రాయకపోతే ఆ వాక్యానికి అర్థం లేదు.

అదే 45 మైక్రోగ్రాములను అమెరికా కొలతతో నడిచే యాప్‌లో చూస్తే 124 దగ్గర, నారింజ రంగులో కనిపిస్తుంది. సమీర్‌లోనేమో ‘సంతృప్తికరం’ అని ఆకుపచ్చ. గాలి ఒకటే, మెట్లే వేరు. మన దేశంలో పీఎం2.5 రోజు సగటుకు పరిమితి 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది 15. ఏ కొలతో చెప్పకుండా రెండు యాప్‌ల అంకెలు పక్కపక్కన పెట్టిన కాపీని డెస్క్ వెనక్కి పంపాల్సిందే.

రెండో సంగతి సగటు. సమీర్ చూపే పీఎం సూచీ ఆ గంటది కాదు, గడిచిన 24 గంటల సగటు. (కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్‌లకు 8 గంటలు.) దీపావళి రాత్రి మూడు గంటలపాటు పీఎం2.5 300 మైక్రోగ్రాములు ఉండి, మిగతా 21 గంటలు 40 చొప్పున ఉందనుకోండి. సగటు 72.5 వస్తుంది, సూచీ దాదాపు 140, అంటే ‘మోడరేట్’ (ఓ మోస్తరు). ఉబ్బసం ఉన్న పెద్దాయన ఆ మూడు గంటలు పడ్డ అవస్థ ఈ అంకెలో ఎక్కడా కనపడదు. పాఠకుడికి చెప్పాల్సిందేమో సరిగ్గా అదే!

దీనికి మార్గం మండలి సెంట్రల్ కంట్రోల్ రూమ్ సైట్. రాష్ట్రం, నగరం, స్టేషన్, కావలసిన కారకాలు, తేదీలు ఎంచుకుని, సగటు కాలం దగ్గర గంట పెట్టి ఎక్సెల్ షీటు దించుకోవాలి. పండగ రోజొక్కటే చాలదు, ముందొక వారం, వెనకొక వారం కూడా తీసుకుంటేనే పోలిక నిలబడుతుంది. షీటు తెరవగానే మూడు చూడండి. పీఎం10 (10 మైక్రాన్ల దాకా ఉన్న కణాలు) కన్నా పీఎం2.5 ఎక్కువ ఉన్న గంటలుంటే అవి చెల్లవు, ఎందుకంటే చిన్న కణాలు పెద్దవాటి లెక్కలోనే కలిసి ఉంటాయి. ఒకే అంకె గంటల తరబడి మారకపోతే పరికరం మొరాయించిందని అనుమానించాలి. ఖాళీ గడులు ఎక్కువైతే, అంటే 24లో కనీసం 16 గంటల లెక్క లేకపోతే, ఆ రోజుకు సూచీ కట్టకూడదు. ఖాళీని సున్నాగా వేసి సగటు తీస్తే గాలి ఉన్నదానికన్నా శుభ్రంగా కనిపిస్తుంది. ఈ అంకెలు యంత్రం నుంచి నేరుగా వచ్చేవి, మనిషి సరిచూసినవి కావు. ఆ మాట కథనంలో ఒక వాక్యంగా ఉండాలి.

తిరుపతికి ప్రత్యేకంగా ఇంకొక చిక్కుంది. ‘తిరుపతి’ అని నొక్కితే వచ్చే స్టేషన్లలో ఒకటి తిరుమల కొండ మీదిది. కొండకూ ఊరికీ ఎత్తులో దాదాపు 700 మీటర్ల తేడా. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి కిందే నిలిచిపోయి, బస్టాండు పొగ, చెత్త తగలబెట్టిన పొగ ఊరిమీదే పరుచుకున్నప్పుడు పైన గాలి తేటగానే ఉండొచ్చు. వేసవిలో శేషాచలం అడవికి నిప్పంటుకుంటే కథ తిరగబడొచ్చు. ‘తిరుపతిలో స్వచ్ఛమైన గాలి’ అని శీర్షిక పెట్టేముందు అది ఏ స్టేషన్ అంకో చూసి, స్టేషన్ పేరు మొదటి పేరాలోనే రాయండి. చిత్తూరులో గంగినేని చెరువు దగ్గరి స్టేషన్‌దీ ఇదే పద్ధతి. అది ఆ చెరువు చుట్టుపక్కల గాలి, మురకంబట్టు గాలి కాదు.

చిత్తూరు విద్యార్థులకు మంచి కథ ఇంకోటుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఆ ఊరుంది. ఎంత డబ్బొచ్చింది, దేనికి ఖర్చయింది, ధూళి తగ్గిందా అన్నది సమీర్ చెప్పదు. అక్కడ సమాచార హక్కు దరఖాస్తే దిక్కు. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘కాలుష్యం వివరాలు ఇవ్వండి’ అని రాస్తే గడువు చివర్లో దాటవేసే జవాబే వస్తుంది. స్టేషన్ పేరు, కారకం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పద్దు కింద ఖర్చు అన్నది ఒక్కో ప్రశ్నగా అడగాలి. చేత్తో నమూనాలు తీసే స్టేషన్ల లెక్కలు కూడా ఇందులోనే అడగండి. అవి వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదికి 104 కొలతలు.

చదువయ్యాక జిల్లా డెస్కులో చేరాలనుకునేవాళ్లు ఇలాంటి కథనం క్లిప్పింగుతో పాటు ఎక్సెల్ షీటునూ, దరఖాస్తు నకలునూ దాచుకోవాలి. పర్యావరణం చదివినవాళ్ల అసలు బలం అదే: అంకె ఎక్కడిదని అడిగితే లెక్క తీసి చూపించగలరు. సమీర్‌కు ఐదుకు మూడున్నర ఇవ్వొచ్చు. గంటల వారీ గ్రాఫు దించుకునే వీలు యాప్‌లోనే ఉంటే నాలుగున్నర ఇచ్చేవాళ్లం.