రోలుకి గంట్లు పెట్టేవాళ్ళ పనితనం ఎలా ఉంది?

గోదావరి డెల్టా అంతా ఒండ్రుమట్టి. రాయి కావాలంటే మెరక నుంచి రావాల్సిందే. 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పుడు కూడా పక్కనే కొండ రాయి దొరకడం బాగా కలిసొచ్చింది. అందుకే కోనసీమ ఇళ్ళలో నున్నబడ్డ రుబ్బురోలుని పారేసేకంటే, ఉలి, సుత్తి పట్టుకుని వీధుల్లోకి వచ్చే రాతిపనివాళ్ళతో గంట్లు, అంటే ఉలితో కొట్టే చిన్నచిన్న గాట్లు, పెట్టించుకోవడం మేలు. పని మంచిదే, కాకపోతే దగ్గరుండి చేయించుకోవాలి.

రోలు నున్నబడితే మినప్పప్పు నలగకుండా పొత్రం చుట్టూ జారుతూ తిరుగుతుంది. పావుకిలో పప్పుకే చెయ్యి పడిపోతుంది, గారె గట్టిగా వస్తుంది. మంచి పనివాడు గుంట అడుగు నుంచి మొదలెట్టి వరసలు వరసలుగా పైకి వస్తాడు. గంటుకీ గంటుకీ మధ్య బియ్యపుగింజంత ఎడం చాలు, లోతు గోరుకి తగిలితే చాలు. లోతెక్కువైతే పిండి అందులో ఇరుక్కుని, కడిగినా పోక పులిసి వాసనేస్తుంది. అంచు మీద కొడితే పెచ్చు లేస్తుంది. పొత్రానికీ గంట్లు పెట్టాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు, బేరం రెంటికీ కలిపి ముందే తేల్చుకోండి.

ఇక ఉలి సంగతి. మొన మొద్దుబారితే రాయి మీద తెల్లమచ్చ పడుతుంది తప్ప గంటు పడదు. నాలుగైదు ఉలులు మార్చి మార్చి వాడేవాణ్ణి నమ్మొచ్చు. ఉలిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి పదును పట్టాలి. గట్టిదనం మించితే మొన విరుగుతుంది, చాలకపోతే వంగుతుంది. కంసాలి, కమ్మరి, కంచరి (కంచు, ఇత్తడి పనివాడు), వడ్రంగి, కాసె (రాతిపనివాడు), ఈ ఐదుగురినీ కలిపి మధ్యయుగాల్లో పంచాణంవారు అనేవారు. కమ్మరి లేకపోతే కాసెవాడికి పూట గడవదు, ఆ కట్టు ఊరికే పుట్టి ఉండదు. ద్రాక్షారామం గుడి రాళ్ళ మీద శాసనాలు చెక్కిన ఉలులకీ ఇదే బాధ.

పని పెరట్లోనే చేయించండి, మధ్యమధ్య నీళ్ళు చిలకరించండి. రాతిధూళి ఊపిరితిత్తులకి చేటు. వాళ్ళు పొద్దున్నే తరవాణి అన్నంలో, అంటే పులిసిన గంజినీళ్ళలో నానిన చద్దన్నంలో, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని బయల్దేరతారు. ఎండలో సుత్తి ఎత్తేవాళ్ళకి నీళ్ళూ ఉప్పూ ఒక్కసారే అందే తిండి అది. టీతో సరిపెట్టకుండా చెంబుడు ఉప్పు మజ్జిగ ఇవ్వండి.

గంట్లు పెట్టిన రోలుని వెంటనే వంటకి వాడకూడదు. కొబ్బరిపీచుతో రుద్ది కడిగి, తడిపిన తవుడు గుప్పెడు వేసి రుబ్బి పారబోయాలి. తర్వాత నానిన నూకలు. ఆ కడుగునీళ్ళు గాజుగ్లాసులో పోసి కదపకుండా ఉంచితే రాతిపొడి నల్లగా అడుక్కి దిగుతుంది. అది దిగడం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ రుబ్బాలి. ఈ సంగతి వాళ్ళు చెప్పరు, నాకు నచ్చనిది అదొక్కటే.

మిక్సీతో గడిచిపోయే ఇంటికి ఇది దండగ ఖర్చు. గారెల పిండి, కొబ్బరి మామిడికాయ పచ్చడి రోట్లోనే పడాలంటే మాత్రం సంక్రాంతికి నెల ముందే పిలవండి. పండగ దగ్గరపడితే పని ఎక్కువై, గంట్లు ఎడంగా వేసి వెళ్ళిపోతారు.