మా జిల్లా పరిషత్ హైస్కూల్: నేను 5 ఏళ్లు, బిడ్డ 3 ఏళ్లు, ఇప్పుడు కొడుకు. వాడుకుని చూసినోని రివ్యూ

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకుని పోతే అపార్ట్‌మెంట్ల సందుల ఒక పాత ప్రహరీ గోడ, దాని ఎనుక రెండు యాపచెట్లు కనబడతయి, అదే మా బడి. పేరు చెప్పను, కింద తిట్లు కూడా ఉన్నయి కాబట్టి. మా కాలనీ వాట్సాప్ గ్రూపుల ప్రతి ఏప్రిల్‌ల ఒకరు అడుగుతరు, దగ్గర్ల మంచి స్కూల్ ఏది అని, ఇరవై పేర్లు వస్తయి, నడిచిపోతే ఐదు నిమిషాల దూరంల ఉన్న ఈ బడి పేరు మాత్రం ఒక్కరు రాయరు. నేను కూడా రాసేటోన్ని కాదు, నిజం చెప్పాలంటే.

ముందుగాల బోర్డు సంగతి. నాది ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు, అందుకని నా కండ్లు బోర్డుల మీదనే పోతయి. మా బడి బోర్డు మీద కింది లైన్‌ను జర పక్క నుంచి ఎండల చూస్తే తెల్ల పెయింటు కింద "రంగారెడ్డి జిల్లా" అని ఇంకా కనబడతది. 1978ల హైదరాబాద్ జిల్లాను చీల్చి రంగారెడ్డి చేసిన్రు, మేము చదివినప్పుడు అదే. మళ్ల 2016 దసరా నాడు కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మేము మేడ్చల్–మల్కాజిగిరి అయినం. పెయింటర్‌కు జాగ సరిపోలేదు, "మేడ్చల్" పెద్దగ రాసి "మల్కాజిగిరి" వచ్చేసరికి అక్షరాలు చీమలంత చేసిండు. చూసినప్పుడల్లా చేతులు దురద పెడతయి నాకు. ఇంకో తమాషా ఏందంటే ఊరు పంచాయతీ నుంచి మునిసిపాలిటీ అయింది, మాకు జడ్పీటీసీకి ఓటే లేదు, కానీ బడి మాత్రం ఇప్పటికీ జిల్లా పరిషత్‌దే. 1959ల పంచాయతీరాజ్ వచ్చినంక పడ్డ పేరు అట్లనే ఉండిపోయింది. కూకట్‌పల్లి, ఉప్పల్ లాంటి చోట్ల నడి సిటీల కూడా జిల్లా పరిషత్ హైస్కూల్ అని బోర్డు ఉంటది, ఎప్పుడైనా గమనించిన్రా?

నేను 1991ల ఆరో తరగతి చేరిన, 1996ల టెన్త్ అయింది. అప్పుడు చుట్టూ జొన్న చేన్లు, ద్రాక్ష తోటలు. గంట అంటే యాపకొమ్మకు కట్టిన రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టే డ్యూటీ కోసం మేము కొట్టుకునేది. టెన్త్‌ల 11 పేపర్లు, 600 మార్కులు, హిందీకి 20 వస్తే పాస్, నాకు 23 వచ్చినయి, ఇంట్ల సేమ్యా చేసిన్రు. పొద్దున ప్రార్థనల "భారతదేశం నా మాతృభూమి" అని రోజూ అరిచేది గాని అది రాసినాయన మన నల్గొండ దగ్గర అన్నెపర్తి మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావు అని, 1962ల తెలుగులనే రాసిండని, దేశమంతా చదివేది దానికి తర్జుమా అని మాకు ఒక్క సార్ చెప్పలేదు. మొన్న నా కొడుకు చెప్పిండు, వాళ్ల తెలుగు మేడమ్ చెప్పిందట. ఐదేండ్లు అరిచినంక ముప్పై ఏండ్లకు తెలిసింది నాకు.

ఇగ రెండో విడత. కరోనాల షాపు బంద్, పెండ్లి ఫ్లెక్సీలు లేవు, పార్టీ ఫ్లెక్సీలు లేవు. బిడ్డ ఒక ప్రైవేట్ స్కూల్ల ఏడో తరగతి, ఆన్‌లైన్ క్లాసులకు కూడా ఫుల్ ఫీజు అడిగిన్రు, కట్టలేకపోయిన, టీసీ ఆపిన్రు. 2021 సెప్టెంబర్‌ల బడులు తెరిచినప్పుడు ఏమైతే అది అయిందని పాత బడికే పోయిన. హెచ్‌ఎం సార్ ఒక్కటే మాట అన్నడు, "టీసీ లేదని ఎనిమిది దాకా ఎవరినీ ఆపొద్దయ్యా, విద్యాహక్కు చట్టంల ఉంది, ఆధార్ తీసుకురా చాలు" అని. తెలియక నేను రెండు నెలలు తిరిగిన. ఇది చదివేటోళ్లల్ల ఎవరన్నా ఆ తిప్పలల్ల ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. (ఆన్‌లైన్ల పిల్ల పేరు పాత స్కూల్ నుంచి ట్రాన్స్‌ఫర్ అయ్యేదానికి మాత్రం జనవరి అయింది, అది వేరే కథ.)

మొదటి వారం ఒకటి గమనించిన. పొద్దున ఇచ్చిన నీళ్ల బాటిల్ సాయంత్రం నిండుగ అట్లనే వస్తున్నది. రెండు రోజులు చూసి అడిగిన, ఏం బిడ్డా నీళ్లు తాగుతలేవా అని. "తాగితే బాత్రూంకు పోవాలె కదా డాడీ" అన్నది. మల్ల రోజు పోయి చూసిన. ఆడపిల్లలకు రెండే ఉన్నయి, ఒకదానికి తలుపు ఉంది గాని గడియ లేదు, ఇంకోదానికి తలుపే లేదు. లోపలికి ఒకరు పోతే బయట ఒకరు తలుపు పట్టుకుని నిలబడాలె, ఆ నిలబడే దోస్తు లేని పిల్ల, అంటే కొత్తగ చేరిన నా బిడ్డ, పొద్దంత నీళ్లు తాగకుండ కూసోవాలె. మా కాలంల ఆడపిల్లలు ఇంటికి ఉరికేటోళ్లు, అప్పుడు మాకు అది నవ్వులాట, సిగ్గుగ ఉంది ఇప్పుడు తలుచుకుంటే. హార్డ్‌వేర్ షాపుల గడియ 60 రూపాయలు. నేనే కొన్న, మా షాపు పక్కన వడ్ల ఆయన వచ్చి పది నిమిషాలల్ల బిగించిండు, పైసలు కూడా తీసుకోలేదు. తర్వాత తల్లిదండ్రుల కమిటీల మాట్లాడి రెండోదానికి రేకు తలుపు పెట్టించినం. ఊడ్చేటోళ్లు రెగ్యులర్‌గ లేకపోవుడు మాత్రం ఇప్పటికీ పెద్ద మైనస్, మన ఊరు మన బడి అని 2022ల సర్కారు బడులు బాగుచేసే స్కీము వచ్చింది, లిస్టుల మా బడి పేరు కోసం మేము చూసుడు చూసుడే అయింది.

చదువు సంగతికొస్తే, జనం అనుకునేదానికి పూర్తి ఉల్టా. సార్లు మేడమ్‌లు అందరూ బీఈడీ చేసి డీఎస్సీ కొట్టినోళ్లు. పాత ప్రైవేట్ స్కూల్ల సగం మంది డిగ్రీ అయి ఖాళీగ ఉన్న పిల్లలే చెప్పేది. ఇంగ్లీష్ మీడియం సెక్షన్ కూడా ఉంది. కానీ ఉన్న సారు ఉంటడన్న గ్యారంటీ లేదు. బిడ్డ టెన్త్ 2023–24ల, సరిగ్గ ఆ ఏడే లెక్కల సారు ట్రాన్స్‌ఫర్, ఆయన జాగల ఎవ్వరు రాలే, ఫిజిక్స్ సారే లెక్కలు కూడా నెత్తినేసుకున్నడు. నవంబర్‌ల అసెంబ్లీ ఎలక్షన్లని ఆయనకు ట్రైనింగు, డ్యూటీ. అయినా ఆ మనిషి పొద్దున ఎనిమిదింటికే వచ్చి స్పెషల్ క్లాసు పెట్టేది, సాయంత్రం మళ్ల, ఆకలైతదని ఉడకబెట్టిన శనగలు తెప్పించేది. కొత్త లెక్కల మేడమ్ 2024 అక్టోబర్‌ల డీఎస్సీ పోస్టింగుల వచ్చింది, అప్పటికి నా బిడ్డ బడి దాటిపోయింది.

పైసల పరంగ కొన్ని లాభాలు ఉన్నయి, ఇవి కాలనీల ఎవరికీ తెల్వదు. ఎనిమిదో తరగతిల ఎన్‌ఎంఎంఎస్ అని ఒక పరీక్ష ఉంటది, సర్కారు, ఎయిడెడ్ బడుల పిల్లలకే, కొడితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 స్కాలర్‌షిప్. ఆ ఫిజిక్స్ సారే పట్టుబట్టి రాయించిండు, వచ్చింది. 2024ల బాసర ట్రిపుల్ ఐటీ అడ్మిషన్‌కు సర్కారు బడిల చదివితే జీపీఏకు 0.4 కలిపేటోళ్లు. నా బిడ్డకు 9.2 వచ్చింది, కలిపితే 9.6, అయినా సీటు రాలే, పాలిటెక్నిక్‌ల చేరింది. వారం రోజులు ఏడ్చింది. నేను మాత్రం ప్రైవేట్ స్కూల్‌కు కట్టకుండ మిగిలిన మూడేండ్ల ఫీజు లెక్క వేసుకుంట కూసున్న, ఏడాదికి 45 వేలు, ఆటో కిరాయి వేరే.

ఇప్పుడు కొడుకు ఏడో తరగతి. వాని క్లాసుల 38 మంది, వీళ్లల్ల ఊరోళ్ల పిల్లలు ఎంతమంది అని ఒకరోజు లెక్కపెట్టించిన, ఆరుగురు. మిగతా అంతా పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీల పిల్లలు, వాచ్‌మెన్ల పిల్లలు, ఒడిశా, బీహార్ పిల్లలు. అంటే ఊరు కట్టుకున్న బడిల ఇప్పుడు ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కట్టేటోళ్ల పిల్లలు చదువుతున్నరు, ఆ అపార్ట్‌మెంట్లల్ల ఉండేటోళ్ల పిల్లలు మాత్రం పసుపు బస్సెక్కి పది కిలోమీటర్లు పోతరు. బిల్డింగు స్లాబులు అయిపోయినయంటే రిజిస్టర్ల రెండు మూడు పేర్లు ఎర్ర పెన్నుతో కొట్టుడే. నా కొడుకు పక్కన కూసునే పిల్లగాడు పాట్నా దిక్కు నుంచి, వచ్చినప్పుడు "క" రాదు, తెలంగాణల తెలుగు కంపల్సరీ కదా, ఇప్పుడు వేమన పద్యం నా కొడుకుకంటే మంచిగ చదువుతడు, ళ దగ్గర మాత్రం నాలుక తిరగదు. దసరా సెలవులకు ఊరికి పోయి నెల దాకా రాలే, నా కొడుకు రోజూ ఆ బెంచీ మీద వానికి జాగ ఆపి పెట్టిండు. వచ్చిండులే.

అన్నం పర్వాలేదు, సన్నబియ్యమే, గుడ్డు రోజు అటెండెన్స్ ఫుల్. పప్పు ఒక్కోసారి నీళ్లు. ఆట స్థలం బాగనే ఉంది, వానాకాలం చెరువు. కంప్యూటర్లు ఉన్నయి, గదికి తాళం కూడా ఉంది. యూనిఫాం ఫ్రీ, రెండు జతలు, కానీ కొలతలు తీసుకున్నది ఎవరివో గాని మా వాని లాగుల ఇద్దరు పడతరు.

5కు 3.5 ఇస్త. సార్లకు అయితే 4.5.

చేర్పించాలనుకుంటే జూన్ మొదట్ల బడిబాట ఉంటది, సార్లే ఇల్లిల్లు తిరుగుతరు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మీ వాచ్‌మెన్ ఆపుతడు, లోపలికి పంపమని చెప్పండి. హెచ్‌ఎంను కలవాలంటే పొద్దున ప్రార్థన అయినంకనే పోండి, మధ్యాహ్నం అయితే ఎంఈఓ ఆఫీసుల మీటింగ్ అంటరు. ఆడపిల్ల అయితే క్లాసు రూం కంటే ముందు బాత్రూం తలుపు గడియ చూసుకోండి. మేము వేసింది గట్టిగనే ఉంది, రేకు తలుపుది ఊడిందని కొడుకు చెప్పిండు, ఆదివారం పోయి కొత్తది బిగించాలె.