సెట్లు కలిపే కార్డ్ గేమ్స్: ఏళ్లుగా ఆడాక మా ఇంట్లో నిలిచినవి

పిల్లలు, పెద్దవాళ్లు, అప్పుడప్పుడు వచ్చే స్నేహితులు అందరూ కలిసి ఆడటానికి ఏ కార్డ్ గేమ్ కొనాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే, సెట్లు కలిపే ఆట తీసుకోండి, అందులోనూ కలిపినవి అందరికీ కనిపించేలా ముందు పరిచి ఆడేది తీసుకోండి. రమ్మీ అంటే నాకు ఇష్టమే. కానీ రమ్మీలో సెట్లన్నీ చేతిలోనే ఉంటాయి, షో చెప్పేదాకా ఎవరి దగ్గర ఏముందో తెలియదు కాబట్టి అందరూ ఎవరి ముక్కల్లో వాళ్లు తల దూర్చి కూర్చుంటారు. అదే సెట్లు బల్ల మీద ఉంటే ఎవరికి ఒక్క కార్డు తక్కువైందో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. ఇక బేరాలు, బతిమాలడాలు, అడ్డం పడటాలు ఎవరూ చెప్పకుండానే మొదలవుతాయి.

మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా బయటికొచ్చేది మోనోపలీ డీల్. 2008లో వచ్చిన ఆట, ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఆడొచ్చు. బోర్డు మోనోపలీ ఒక పట్టాన తేలదు, ఇది పావుగంటలో అయిపోతుంది. వంతు రాగానే రెండు కార్డులు ఎత్తుకోవాలి, మూడు దాకా ఆడొచ్చు, వంతు ముగిసేసరికి చేతిలో ఏడుకు మించి ఉండకూడదు. వేర్వేరు రంగుల్లో ఆస్తి కార్డుల పూర్తి సెట్లు మూడు ఎవరి ముందు ముందుగా పడితే వాళ్లు గెలిచినట్టు. అంతే ఆట. అయితే డబ్బు కట్టాల్సి వచ్చినప్పుడు చేతిలోంచి కాదు, బల్ల మీద ఉన్నదాంట్లోంచి కట్టాలి, పైగా చిల్లర తిరిగివ్వరు. ఈ చిన్న రూలే మొత్తం ఆటను నడిపిస్తుంది.

ఒక ఆట చెబుతాను. మా బావగారి ముందు రెండు సెట్లు పూర్తయి ఉన్నాయి, మూడో సెట్‌కి పచ్చరంగులో ఒక్కటే తక్కువ, బ్యాంకులో (అంటే ఆయన ముందు పరిచిన డబ్బు కార్డుల్లో) మాత్రం ఒకే ఒక్క ఐదు మిలియన్ల నోటు. ఆయన కూతురు ఆ నోటు వైపే చూస్తూ బర్త్‌డే కార్డు వేసి "నాన్నా, రెండు మిలియన్లు" అంది. ఆయన ఐదు ఇచ్చి మిగతా మూడు అడిగితే "చిల్లర ఇవ్వరు నాన్నా, రూల్" అంది. అదే వంతులో డెట్ కలెక్టర్ వేసి ఇంకో ఐదు అడిగింది. బ్యాంకు ఖాళీ కదా, పచ్చది ఒకటి, గోధుమరంగుది ఒకటి కలిపి ఇవ్వాల్సి వచ్చింది. గెలుపు అంచున ఉన్న మనిషికి ఒక పూర్తి సెట్టూ పోయింది, మూడో సెట్‌ మీద ఆశా పోయింది. ఇదంతా ఆ పిల్ల బల్ల మీద చూసి లెక్క వేసుకున్నదే. అందుకే కొత్తవాళ్లకు నేను ముందు చెప్పేది, ఒకటి రెండు మిలియన్ల నోట్లు బ్యాంకులో పెట్టుకోకుండా సెట్ల వెంట పడొద్దని. ఇంకో మాట, రెండు సెట్లు అయిపోయాక మూడోదాన్ని ఒక్కో కార్డు చొప్పున పరచకండి. చేతిలోనే కూడబెట్టుకుని ఒకే వంతులో మూడూ దించేయండి, అడ్డుకునే టైమ్ ఎవరికీ దొరకదు.

లోపం లేదా అంటే ఉంది. డీల్ బ్రేకర్ అనే కార్డుతో ఎదుటివాళ్ల పూర్తి సెట్టునే లాక్కోవచ్చు, కట్టలో అలాంటివి రెండున్నాయి. దానికి విరుగుడు జస్ట్ సే నో, అవి మూడే. పెద్దవాళ్ల మధ్య ఆ టెన్షన్ బాగుంటుంది, కానీ ఏడెనిమిదేళ్ల పిల్లల ముందు నుంచి కష్టపడి కలిపిన సెట్ అలా ఎత్తుకుపోతే ఆ సాయంత్రం అక్కడితో సరి. చిన్నపిల్లలున్నప్పుడు మేం ఆ రెండూ తీసి పక్కన పెట్టేస్తాం, ఆటకేం తగ్గదు. ఇద్దరే ఆడితే మాత్రం అదృష్టం పాలు బాగా ఎక్కువ, నాకు ముగ్గురో నలుగురో ఉంటేనే నచ్చుతుంది.

పిల్లలతో అయితే సుషీ గో. ఫిల్ వాకర్-హార్డింగ్ తయారుచేసిన ఆట. అందరూ ఒకేసారి ఒక కార్డు ఎంచుకుని ముందు పెట్టుకుంటారు, మిగతావి పక్కవాళ్లకు ఇచ్చేస్తారు. వంతు కోసం ఎదురుచూడటం లేదు, లాక్కోవడం లేదు, ఓపిక తక్కువ ఉన్న పిల్లలకు ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. కార్డులకు వంటకాల పేర్లుంటాయి. టెంపురా రెండు కలిస్తే 5 పాయింట్లు, సాషిమీ మూడు కలిస్తే 10, రెండే ఉంటే సున్నా. ఎవరి ముందైనా రెండు సాషిమీలు కనిపించాయంటే మా ఇంట్లో మూడోది వాళ్లదాకా చేరనివ్వరు, మధ్యలోనే ఎవరో ఒకరు తమకు అక్కర్లేకపోయినా తీసేసుకుంటారు. ఐదుగురు ఆడితే తలా ఏడు కార్డులే, అంటే చేతులు మారే కట్టల్లో మొదట చూసిన రెండు మాత్రమే మళ్లీ చేతికి తిరిగొస్తాయి, అప్పుడు సాషిమీ జోలికి వెళ్లకపోవడమే మంచిది. పుడ్డింగులు చివర్లో లెక్కకొస్తాయి, అందరికన్నా తక్కువ ఉన్నవాళ్లకు 6 పాయింట్లు పోతాయి (ఇద్దరే ఆడితే ఈ కోత ఉండదు), మాకు తీసుకోవడం మర్చిపోయేవాళ్లు ప్రతిసారీ ఒకరుంటారు. పాయింట్లు కూడటానికి పక్కన పెద్దవాళ్లు కావాలి, అదొక్కటే చిక్కు. ఐదుగురికి మించి ఉంటే 2016లో వచ్చిన సుషీ గో పార్టీ తీసుకోండి, అది ఎనిమిది మంది దాకా సరిపోతుంది.

ఇక నాకు ప్రాణం అనదగ్గది బోనాంజా. ఉవే రోజెన్‌బర్గ్ 1997లో చేసిన చిక్కుడుగింజల ఆట. ఇందులో చేతిలో కార్డుల వరస మార్చకూడదు, ఏ వరసలో వచ్చాయో అలాగే ఉంచాలి, ముందున్నదాన్ని నాటి తీరాలి. రమ్మీ అలవాటున్న చేతులు ముక్కలు సర్దేస్తూనే ఉంటాయి, మొదటి రెండు ఆటలూ గుర్తు చేస్తూ ఉండాల్సిందే. పొలాలు, అంటే ఒక్కో రకం గింజలు పరిచే చోట్లు, మొదట్లో రెండే, పనికిరాని గింజ చేతిలో ముందుకొస్తోందంటే దాన్ని ఎవరికైనా అంటగట్టకపోతే చక్కగా పెరుగుతున్న పొలాన్ని దున్నేయాలి. దాంతో ఎప్పుడూ నోరు విప్పని మా అత్తయ్య కూడా "ఊరికే ఇస్తాను తీసుకో అమ్మా, వచ్చే వంతులో నా సంగతి చూడు" అని బేరం పెడుతుంది. ఒక్కో కార్డు మీద ఆ రకం గింజలు మొత్తం ఎన్నున్నాయో వేసి ఉంటుంది కాబట్టి దేనికి గిరాకీ ఉందో అందరికీ తెలుసు. ఆట కాస్త సాగుతుంది. బేరాలు నచ్చనివాళ్లకు, ముభావంగా కూర్చునేవాళ్లకు అస్సలు పడదు.

నాలుగైదేళ్ల పిల్లలుంటే ఏమీ కొనక్కర్లేదు, మామూలు పేకతో గో ఫిష్ చాలు. ఒకే అంకె నాలుగు కలపాలి, ఎవరు ఏ అంకె అడిగారో గుర్తుపెట్టుకోవాలి, ఈ గుర్తుపెట్టుకోవడంలో పిల్లలు మనల్ని ఓడిస్తారు.

ఇవన్నీ పదే పదే కలిపే కట్టలు, అంచులు నలుగుతాయి. ఒక్క డీల్ బ్రేకర్ మూల మడత పడినా అది ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసిపోతుంది. కొన్నరోజే కార్డు సైజు కొలిచి ప్లాస్టిక్ కవర్లు వేసేయండి. మా మోనోపలీ డీల్ కవర్లు వేశాక ఇప్పటికీ కొత్తదానిలాగే జారుతోంది, కాకపోతే కట్ట లావెక్కి పాత డబ్బాలో పట్టదు, వేరే డబ్బా చూసుకోవాలి.